పార్కిన్సన్స్ ఉన్న అత్తగారికి గుమ్మం దగ్గర అడుగు పడటం లేదు: ఇంట్లో ఏం చేయవచ్చు?

బెంగళూరులో మీతో ఉంటున్న అత్తగారికి బాత్రూమ్ గుమ్మం దగ్గర, పక్కకు తిరిగేటప్పుడు కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతున్నాయని, ఇటీవల రెండుసార్లు పడ్డారని, మందు పెంచినా పెద్దగా తేడా లేదని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. ఇదే జబ్బు ఉన్న మా నాన్నగారిని జె.పి. నగర్‌లోని మా ఫ్లాట్‌లో చూసుకుంటూ, ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

నడిచేటప్పుడు ఏ కాలు ఎప్పుడు ఎత్తాలో మనం ఆలోచించం. మెదడు లోపలి భాగాలు ఆ పని తమంతట తామే చూసుకుంటాయి. పార్కిన్సన్స్‌లో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గినప్పుడు ముఖ్యంగా దెబ్బతినేది ఈ అలవాటు నడకే. కావాలని తలచుకొని వేసే అడుగు మాత్రం చాలావరకు పడుతుంది. అందుకే లిఫ్టు తలుపు ముందు నిలిచిపోయే మా నాన్నగారు మెట్లు చక్కగా ఎక్కేవారు, ఎందుకంటే ప్రతి మెట్టూ కంటికి కనిపించే ఒక గుర్తు. దీన్ని చూసి నటన అనుకునే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారి మాట పట్టించుకోకండి.

ఆ గుర్తునే చదును నేల మీదికి తేవచ్చు. గుమ్మానికి ఇటూ అటూ, నడిచే దిశకు అడ్డంగా, ఆమె అడుగుకు సరిపడే ఎడంలో, నేల రంగులో కలిసిపోని రంగు టేపు అతికించి, ఒక్కొక్క గీతనూ దాటుతూ రమ్మనండి. టేపు జిగురుతో టైల్స్ పాడవుతాయని మా అమ్మ ఒప్పుకోక సుద్దముక్కతో గీతలు గీసింది. అవీ అంతే బాగా పనిచేశాయి. గీతలు లేని చోట ‘ఒకటి, రెండు’ అని పైకి లెక్కపెట్టడమో, ఫోనులో మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం వేసే యాప్) పెట్టుకోవడమో కొందరికి ఉపయోగపడుతుంది.

అడుగు ఆగినప్పుడు దయచేసి చేయి పట్టుకొని ముందుకు లాగకండి, తొందరపెట్టకండి. అలా లాగితే పాదాలు అక్కడే ఉండిపోయి ఒళ్ళు మాత్రం ముందుకు తూలుతుంది. పూర్తిగా ఆగి, నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మెల్లగా మార్చి, ఆ తర్వాత ఒక పెద్ద అడుగు వేయమనండి. తిరిగేటప్పుడు ఉన్నచోటనే గిరుక్కున తిరగకుండా, పెద్ద బస్సు మలుపు తీసుకున్నట్లు వెడల్పుగా చుట్టి రావాలి. నడుస్తుండగా మాట్లాడించకూడదు. మా అపార్ట్‌మెంటులో ఎదురైనవారందరూ ఆప్యాయంగా కుశలం అడిగేవారు, నాన్నగారు మర్యాదకు బదులు చెప్పేలోపే అడుగు తడబడేది. ముందు నిలబడి మాట్లాడి, ఆ తర్వాతే నడవడం అలవాటు చేశాం.

మందు విషయంలో మోతాదుతో పాటు వేళ కూడా ముఖ్యం. ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా పేగుల నుంచి రక్తంలోకి వెళ్ళే దారిలో మాంసకృత్తులు పోటీకి వస్తాయి కనుక, సాధారణంగా భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకోమంటారు. పెసరట్టు తింటూ మాత్ర మింగితే దాని పని ఆలస్యం కావచ్చు. స్నానం, నడక, వ్యాయామం మందు బాగా పనిచేస్తున్న వేళకు మార్చుకోండి.

ఇంట్లో కాళ్ళు తుడుచుకునే జారే పట్టాలు, హవాయి చెప్పులు, నేలకు జీరాడే నైటీ అంచులు ఉండకూడదు. కమోడ్ పక్కన గోడకు గట్టి స్టీలు కడ్డీ బిగించండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టాల్సిన వాకర్ ఈ జబ్బులో కొందరిని వెనక్కి పడేస్తుంది కాబట్టి, ఫిజియోథెరపిస్టుకు చూపించకుండా కొనవద్దు.

తూలడం తగ్గడానికి వ్యాయామం తప్పనిసరి. అమెరికాలో 195 మంది రోగులపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు తాయ్ చీ (నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం) చేసినవారికి నిలకడ మెరుగుపడింది. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో నాడీ పునరావాస విభాగం ఉంది. అయితే ఈ ట్రాఫిక్‌లో రోజూ అంత దూరం తీసుకెళ్ళడం కంటే, అక్కడ నేర్చుకొని ఇంటి వరండాలో చేయించడమే సాధ్యమని నా అభిప్రాయం. మన ఫుట్‌పాత్ రాతిపలకల మీద మాత్రం నడిపించకండి.

తల తిరుగుతోందంటే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వకండి. అవి డోపమిన్‌ను అడ్డుకొని పార్కిన్సన్స్‌ను పెంచుతాయి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక రక్తపోటు చూడమని డాక్టరును అడగండి, ఎందుకంటే లేవగానే అది పడిపోవడం ఈ జబ్బులో సాధారణం. పడిన వేళ, అంతకుముందు మాత్ర వేసుకున్న వేళ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. జబ్బు మొదలై ఎన్నేళ్ళయిందో మీరు రాయలేదు. తొలి ఏడాదిలోనే, ముఖ్యంగా వెనక్కి పడుతుంటే, అది పార్కిన్సన్స్‌ను పోలిన మరో జబ్బేమో చూడాల్సి ఉంటుంది గనుక ఆ సంగతి న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి.