ముందు నేల సంగతి రాయి

సత్యనారాయణపురం,
విజయవాడ

తమ్ముడూ,

రిమ్‌వరల్డ్ అనే కంప్యూటర్ ఆటలోకి గుంటూరు మిరప పంటని చేర్చే మోడ్ చేసి, దాని మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "సారవంతమైన నేలలో మొక్కలు ఏపుగా పెరుగుతాయి" అన్న ముక్క మూడుచోట్ల ఉంది. మూడోసారి కాగితాలు పక్కన పడేసి కాఫీకి లేచాను.

ఏ మొక్క? ఎంత ఏపుగా? ఆ ఆటలో మామూలు మట్టికి సారం 100 శాతం, రిచ్ సాయిల్‌కి 140, రాళ్ల నేలకి 70. అలాగని 140 నేలలో వేసిందల్లా 140 వేగంతో పెరగదు. వరి పూర్తిగా నేల మీదే ఆధారపడుతుంది కాబట్టి దానికి 140. బంగాళాదుంపకి ఆ ఆధారం 40 శాతమే, అందుకని 116 దగ్గర ఆగుతుంది. అదే రాళ్ల నేలలో వరి 70కి పడిపోతే దుంప 88తో నెట్టుకొస్తుంది. కథంతా అక్కడుంది! నీ మిరపకి ఆ అంకె ఎంత పెట్టావో, ఎందుకు పెట్టావో ఒక్క మాట రాయలేదు.

నేల పేరు చెప్పకుండా పంట గురించి రాయకూడదు. చాదస్తం అనుకుంటే అనుకో. పాతికేళ్ల కిందట ఒక పత్రికలో వ్యవసాయం పేజీకి రాసేవాణ్ణి. రెండు రోజులు పొలాల్లో తిరిగి 'నల్లరేగడి' అని రాసిస్తే, ఫ్యాన్ కింద కూర్చున్న సబ్‌ఎడిటర్ 'సారవంతమైన నేల' అని దిద్దాడు. రేగడి నీటిని పట్టేస్తుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వాన నీళ్లు నిలిచి మిరప వేళ్లు కుళ్లిపోయిన రైతు గోడు అది. సారవంతమైన నేలలో తోట ఎందుకు చచ్చిందయ్యా అని ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఏం చెప్పను? పారితోషికం అరవై రూపాయలు, అదీ మూడు నెలలకి. ఇప్పటి ఎడిటర్లయితే అంకెలు కూడా తీసేసి 'ఫీల్' కావాలంటున్నారు.

నువ్వూ నల్లరేగడికి 140 పెట్టి చేతులు దులుపుకున్నావు. అసలు ఆటలో నేలకి సారమే గాని తేమ లెక్క లేదు. గుంటూరు మిర్చి యార్డు ఘాటు పీల్చి పెరిగినవాడివి, ఆ లోటు నీకు కనపడొద్దూ?



"ఏడు దాటాక వరి పడుకుంది, నేను పడుకోలేదు" అని నాలుగో పేజీలో రాశావే, అక్కడ మాత్రం ఆగిపోయాను. ఆటలో మొక్క పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాటేదాకే పెరుగుతుంది. అందుకే ఆట లెక్కలో మూడు రోజుల పంట అయిన వరి మామూలు మట్టిలో కోతకి రావడానికి అయిదున్నర రోజులు పడుతుంది. దాన్ని మొదటి పేజీకి తీసుకురా.

మళ్లీ రాసి పంపు. ఈలోగా ఫోన్ చేసి మిరపకి ఎంత పెట్టావో చెప్పు.