మేనకోడలికి, పడవ కొనేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్రోషర్, ఫోటోలు, ఆ సెకండ్‌హ్యాండ్ 40 అడుగుల యాట్ (తెరచాప పడవ) కొలతలు అన్నీ తీరిగ్గా చూశాను. "ఇది మంచి పడవేనా మామయ్యా?" అని అడిగావు. మీరు దాంతో ఏం చేయబోతున్నారో తేలితే గాని దానికి జవాబు లేదు. నీ మెసేజ్‌లో రెండు కోరికలు ఒకే వాక్యంలో పెట్టేశావు. డిసెంబరు సెలవుల్లో పిల్లలతో కొచ్చి నుంచి గోవా దాకా తీరం వెంట తిరగడం ఒకటి. ఎప్పుడో ఒకప్పుడు విశాఖ నుంచి అండమాన్ వెళ్లడం రెండోది. వీటిని విడదీసి చూడాలి తల్లీ.

ముందు మీ ఏడాది ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇద్దరివీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. పడవ ఎక్కువ రోజులు కొచ్చి మరీనాలో కట్టేసే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, పడమటి తీరంలో షికారు మాటే ఉండదు. మిగతా కాలంలో వెళ్లినా పగటిపూట కొన్ని గంటల ప్రయాణం, చీకటి పడేసరికి లంగరు. రాత్రంతా తెరచాప మీద నడిచే సందర్భాలు ఎన్ని వస్తాయో నిజాయతీగా లెక్క వేసుకో.

ఆ వాడకానికి ఈ డిజైన్ చక్కగా సరిపోతుంది. వెనకభాగం అంత వెడల్పు పెట్టారు కాబట్టే కింద రెండు గదులు వచ్చాయి, పైన పిల్లలు కూర్చునే చోటు వచ్చింది, నీళ్లలోకి దిగే మెట్టు వచ్చింది. పాతకాలపు సెయిలర్లు ఇలాంటివాటిని తేలే అపార్ట్‌మెంట్లని తీసిపారేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. మన ఎండల్లో, లంగరు వేసి కూర్చునే పడవకు గాలి వచ్చే హ్యాచ్‌లు, నీడ, చోటు ఉండటం కూడా సముద్రానికి తగిన లక్షణమే. అయితే ఒక రాత్రి లంగరు మీద దాంట్లో పడుకుని చూడు. ఇలాంటి బల్లపరుపు వెనకభాగం కింద చిన్న అలలు కొడుతుంటే, ఆ చప్పుడుకి వెనక గదుల్లో నిద్ర పట్టకపోవచ్చు. కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, లోతు 2.1 మీటర్లని రాశారు. మన నదుల మొగల దగ్గర ఇసుక మేటలు వేస్తుంది, అంత లోతు కీల్‌తో చాలా చోట్లకు వెళ్లలేవు. మీ పనికి లోతు తక్కువ కీల్ ఉన్నది దొరికితే మేలు.

ఇక అండమాన్. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) సుమారు 650 నాటికల్ మైళ్లు. ఐదారు నాట్ల (గంటకు ఐదారు నాటికల్ మైళ్ల) వేగంతో ఐదు పగళ్లు, ఐదు రాత్రులు పడుతుంది. మధ్యలో ఆగే రేవు లేదు.

హుస్సేన్ సాగర్‌లో నువ్వు లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నేర్చుకున్నప్పుడు నీ ఒంటి బరువే బాలస్ట్, అంటే పడవను ఒరగకుండా నిలిపే బరువు. పడవ పక్కకు పడితే సెంటర్‌బోర్డు (అడుగున నీళ్లలోకి దించే పలక) మీద నిలబడి లేపేదానివి. పూర్తిగా బోర్లా పడితే మాత్రం అది ఎంత మొండికేసేదో గుర్తుంది కదా. వెడల్పుగా, బల్లపరుపుగా ఉన్నది తిన్నగా తేలుతున్నప్పుడు ఎంత స్థిరమో, తలకిందులైనప్పుడూ అంతే స్థిరం. పెద్ద యాట్‌లోనూ ఇదే సూత్రం. కింద కీల్ బరువు దాన్ని తిప్పి లేపాలి, పైన వెడల్పు అడ్డుపడుతుంది. 1979 ఫాస్ట్‌నెట్ పందెంలో (బ్రిటన్ దగ్గరి సముద్రంలో జరిగే తెరచాప పడవల పోటీ) 303 పడవలు బయలుదేరితే తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ తర్వాతే డిజైనర్లు, వాళ్లతో పాటు కొనేవాళ్లు ఈ విషయాన్ని గట్టిగా పట్టించుకున్నారు.

పడవ బోర్లా పడే ముప్పును అంచనా వేయడానికి అప్పుడు పుట్టిన చిన్న లెక్క ఒకటుంది, నువ్వే వేసుకోవచ్చు. పడవ బరువును టన్నుల్లో తీసుకుని 1.025తో భాగించు, వచ్చినదానికి ఘనమూలం తీయి. దాంతో వెడల్పును, మీటర్లలో, భాగించు. నీ పడవ 8.5 టన్నులు, వెడల్పు 4.1 మీటర్లు, కాబట్టి 2.03 వస్తుంది. 2 కంటే తక్కువ ఉంటేనే దూర సముద్రానికి మంచిదని వాడుక. ఈ లెక్క మోటుది, బాలస్ట్ ఎంత కిందుందో దానికి తెలియదు. అందుకని దీన్ని తీర్పుగా తీసుకోకు. అమ్మేవాళ్లను స్థిరత్వ పట్టిక అడుగు. ఒరిగిన పడవ తనంతట తాను లేవగల ఆఖరి కోణం అందులో ఉంటుంది. ఐరోపా నిబంధనల్లో దూర సముద్రానికి తగిన పడవల వర్గమైన ‘ఏ’ కేటగిరీకి ఈ బరువు పడవకు అది సుమారు 113 డిగ్రీలు ఉండాలి. అండమాన్ ప్రయాణానికైతే 120 దాటితేనే నాకు నిశ్చింత. ఆ కోణం ఏ స్థితిలో లెక్కేశారో కూడా అడగాలి. పాత ఓనర్లు తర్వాత పైన తగిలించిన రాడార్, వెనక ఆర్చ్, దాని మీద సోలార్ ప్యానెళ్లు, అన్నీ ఆ కోణాన్ని తగ్గిస్తాయి.

‘ఏ’ కేటగిరీ అని బిళ్ల ఉంది కదా అన్నావు. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 8 దాటిన గాలికి, నాలుగు మీటర్లు మించిన అలలకు డిజైన్ చేశారని దాని అర్థం. అసాధారణ తుపానులు అందులో లెక్కలోకి రావు. బంగాళాఖాతంలో ఏప్రిల్ నుంచి జూన్, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు ఎందుకు భయపడాలో నీకు చెప్పనక్కర్లేదు. ఆ బిళ్ల పడవ ఇప్పుడెలా ఉందో, ఒరిగినప్పుడు లోపల మనిషి నిలబడగలడో లేదో చెప్పదు.

అది నువ్వే చూడాలి. లోపల హాల్ మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపు. పట్టుకోవడానికి ఏదీ అందకపోతే, పడవ ఒరిగినప్పుడు జారి అవతలి గోడ దాకా వెళ్లి పడతావు. మెట్ల దగ్గర నుంచి ముందు గది దాకా ఒక పట్టు వదిలేలోపు మరో పట్టు అందాలి. సోఫా మీద నిలువుగా పడుకో, పక్కకు దొర్లకుండా గుడ్డ కట్టుకునే ఏర్పాటు ఉందా చూడు. వెనక గదుల్లోని డబుల్ బెడ్‌లు సముద్రంలో ఎందుకూ పనికిరావు.

అన్నిటికంటే ముఖ్యం కీల్. 2014 మేలో ‘చీకీ రఫీకీ’ అనే 40 అడుగుల యాట్ అట్లాంటిక్‌లో కీల్ ఊడి బోర్లా పడింది, నలుగురూ పోయారు. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు లోపలి అతుకును బలహీనపరిచి ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. నువ్వు టార్చ్ తీసుకెళ్లి, హాల్ కింది పలకలు ఎత్తు. కీల్ బోల్టుల చుట్టూ తుప్పు కారిన చార ఉందా, అడ్డ దూలాలు అడుగుకు అతికిన మూలల్లో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయా చూడు. ముఖ్యంగా కీల్ వెనక చివరకు పైన ఉన్న మూలలు. కీల్ నేలకు గుద్దుకున్నప్పుడు దెబ్బ అక్కడికే వస్తుంది. ఆ ఒక్క చోటే కొత్త పెయింట్ కనిపిస్తే ఎందుకేశారో అడుగు.

మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, మరో ఐదుగురు నేవీ అధికారిణులతో కలిసి 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 2018 మేలో తిరిగొచ్చిన ‘తారిణి’ ప్రపంచం చుట్టిరావడానికే కట్టిన పడవ. దాన్ని తెచ్చి మీ చేతికిస్తే సెలవుల సరదాకి మోయలేని బరువవుతుంది. అందుకే రెండోసారి చెబుతున్నా, మీరు ఏడాదికి ఎక్కువసార్లు చేసే పనికి తగ్గ పడవ తీసుకోండి. కీల్ శుభ్రంగా ఉంటే ఇదే కొనండి. అండమాన్‌కు జనవరి, మార్చి మధ్య, అనుభవమున్న మూడో పెద్దమనిషిని వెంటబెట్టుకుని, వాతావరణం చూసుకుని వెళ్లండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు పడవను ఒడ్డుకెక్కించి, మీరు పెట్టుకున్న సర్వేయర్‌తోనే చూపించాలి. అమ్మేవాళ్ల మనిషి వద్దు. స్థిరత్వ పట్టిక, పలకల కింద తీసిన ఫోటోలు రాగానే నాకు పంపు.

మీ మామయ్య
సికింద్రాబాద్