12 వోల్టుల బ్యాటరీకి చవకైన ఐసీలు ఏవి?

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో కరెంటు తరచూ పోతుంది కనుక, సోలార్ ప్యానెల్‌తో ఛార్జయ్యే 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నాము. దాని మీద, వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించే 7805 ఐసీతో (చిన్న ఎలక్ట్రానిక్ చిప్‌తో) సెల్‌ఫోను ఛార్జ్ చేస్తే ఐసీ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీలు మూడింటిని సిరీస్‌లో కలిపి 8 ఓమ్‌ల రెసిస్టర్‌తో వెలిగిస్తే, పగలు ఒకలా, రాత్రి ఒకలా వెలుగుతున్నాయి. తక్కువ ఖర్చులో ఏ ఐసీలు వాడవచ్చు?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీ 7805 చెడిపోలేదు, అదనపు వోల్టేజీని వేడిగా వదిలేయడమే దాని పద్ధతి. ఫోను 1 ఆంపియర్ తీసుకుంటే 7 వాట్లు ఐసీలోనే ఆవిరైపోయి, ఫోనుకు 5 వాట్లే చేరతాయి. వేడిని లాగేసే లోహపు ముక్క, అంటే హీట్‌సింక్ బిగిస్తే ఐసీ బతుకుతుంది గానీ బ్యాటరీకి ఒరిగేదేమీ లేదు. కరెంటును చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గించే స్విచింగ్ రకం ఐసీ వాడండి. అందులో ఎంసీ34063 చాలా చవక, అయితే దాని లోపలి స్విచ్ తట్టుకునే గరిష్ఠ కరెంటు 1.5 ఆంపియర్లే కాబట్టి అర ఆంపియర్ వరకే నమ్మవచ్చు. మీకు 5 వోల్టుల ఎల్‌ఎం2596 తగినది. ఇది 3 ఆంపియర్ల దాకా ఇస్తుంది, సామర్థ్యం సుమారు 80 శాతం. ఆ పేరు ముద్రించిన నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి గనుక, మరీ చవకగా దొరికిన మాడ్యూల్‌తో 1 ఆంపియర్‌కు మించి పని చేయించకండి.

ఎల్‌ఈడీల సంగతి వేరు, వాటికి అదుపు చేయవలసింది కరెంటునే. మూడింటికీ కలిపి దాదాపు 9.6 వోల్టులు పోగా, బ్యాటరీ 12 వోల్టుల వద్ద ఉన్నప్పుడు మీ రెసిస్టర్ గుండా 300 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. పగలు ఛార్జవుతూ బ్యాటరీ 14.4కు చేరితే అది లెక్క ప్రకారం 600 అవుతుంది, రాత్రి 11కు పడితే 175కు తగ్గుతుంది. పగటి వేళ ఆ ఎల్‌ఈడీలు త్వరగా మాడిపోతాయి, కనుక ముందు దీన్నే సరిచేసుకోండి. ఇందుకు పీటీ4115 అనే చిన్న ఐసీ సరిపోతుంది. 6 నుంచి 30 వోల్టుల వరకు పనిచేసే ఈ ఐసీ, కరెంటును కొలిచేందుకు పెట్టే సెన్స్ రెసిస్టర్ మీద 0.1 వోల్టు ఉండేలా కరెంటును నిలుపుతుంది కాబట్టి, 0.33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే బ్యాటరీ ఎలా ఉన్నా సుమారు 300 మిల్లీఆంపియర్లే వస్తాయి. దీనితో పాటు 68 మైక్రోహెన్రీల కాయిల్, ఒక షాట్కీ డయోడ్ (వేగంగా పనిచేసే రకం డయోడ్), ఇన్‌పుట్ వద్ద ఒక కెపాసిటర్ కావాలి. డయోడ్‌గా మామూలు 4007 పెట్టకండి, ఐసీ ఆన్, ఆఫ్ అయ్యే వేగాన్ని అది అందుకోలేదు. ఐసీకి ఉండే, వెలుగు తగ్గించే డిమ్ పిన్‌ను ఖాళీగా వదిలేస్తే పూర్తి వెలుగు వస్తుంది. నాలుగో ఎల్‌ఈడీ మాత్రం జోడించకండి. నాలుగింటికి సుమారు 12.8 వోల్టులు కావాలి, పీటీ4115 వోల్టేజీని తగ్గించగలదే గాని పెంచలేదు.

బరంపురంలోనో విశాఖలోనో ఈ సామాన్లు కొనేటప్పుడు 3 ఆంపియర్ల ఫ్యూజు కూడా తీసుకుని, బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు ఆనుకుని బిగించండి.