ఐదు వేల పౌండ్లకు ఏ చిన్న కారు?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. బర్మింగ్‌హామ్ వచ్చి నాలుగు నెలలైంది. నేను, నా భార్య, రెండేళ్ల పాప ఉంటున్నాం. ఆఫీసు 14 మైళ్ల దూరం. చేతిలో 5,000 పౌండ్లున్నాయి. ఆ డబ్బుకు చిన్న హ్యాచ్‌బ్యాక్ తీసుకోవాలా, కాస్త పాతదైనా పెద్ద డీజిల్ కారు తీసుకోవాలా? నాన్న ఇంకో 3,000 పంపుతానంటున్నారు. మీరు ఊళ్లోనే ఉంటే ఆయనతో ఒక మాట మాట్లాడగలరా?

జవాబు: తమ్ముడూ, మూడు వారాల సెలవు మీద వచ్చి బైరాగిపట్టెడలో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఈ ఉదయం వీధి చివర ఎవరిదో కొత్త ఎస్‌యూవీకి పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద బంతిపూల దండ, చుట్టూ పది మంది. పక్కనే ఉన్న పాత వ్యాగనార్ వైపు ఎవరూ చూడలేదు. బండి ఎంత పెద్దదైతే మనిషి అంత ఎదిగినట్టని మన దగ్గర ఒక లెక్క ఉంది. 2013లో నేనూ ఆ లెక్కతోనే బర్మింగ్‌హామ్‌లో దిగాను. దానివల్ల ఎంత పోగొట్టుకున్నానో ముందు చెబుతాను. నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మాది చిత్తూరు దగ్గర, బంగారుపాళ్యం వైపు. నాలుగెకరాల తోతాపురి తోట. దాని మీద అప్పు తెచ్చి నాన్న నన్ను పంపారు. వెళ్లిన ఆరో నెలలో 1,900 పౌండ్లు పెట్టి ఒక పాత డీజిల్ సెడాన్ కొన్నాను. లెదర్ సీట్లు, రెండు లీటర్ల ఇంజను. పక్కన నిలబడి ఫొటో తీయించుకుని ఇంటికి పంపితే అమ్మ ఊరంతా చూపించింది. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో అడిగింది మాత్రం కొన్న మరునాడు. 2,300 పౌండ్లన్నారు. కారు కంటే దాని ఇన్సూరెన్స్‌కే ఎక్కువ! మన దేశంలో ఎనిమిదేళ్లు నడిపాను, ఒక్క ప్రమాదం లేదు అని చెప్పి చూశాను. ఆ అనుభవానికి అక్కడ విలువ కట్టలేదు. కొత్తగా వచ్చినవాడు, మన దేశపు లైసెన్సు, పెద్ద ఇంజను, ఉండేది దొంగతనాలు ఎక్కువగా జరిగే వీధి. వాళ్లు లెక్కవేసింది ఈ నాలుగే.

అంతటితో అయిపోలేదు. నా ఆఫీసు నాలుగు మైళ్లే. డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద వేగంగా, ఆగకుండా, ఓ ఇరవై నిమిషాలైనా పరుగెత్తాలి. నావేమో రోజూ పదిహేను నిమిషాల సిటీ ప్రయాణాలు. జనవరిలో ఒక ఉదయం డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. అదే పోతుందిలే అని వారం నడిపాను. తర్వాత బండి ఈడ్వడం మానేసింది. మెకానిక్ దాన్ని పైకెత్తి, చూసి, నీలిరంగు కాగితంతో చేతులు తుడుచుకుని, ఒక విజిటింగ్ కార్డు వెనుక పెన్సిలుతో 1,100 అని రాసి నా ముందు పెట్టాడు. అప్పుడు పౌండు వంద రూపాయలు దాటి ఉంది. చలికి చేతులు జేబుల్లో దాచుకుని ఆ అంకెను వందతో గుణించాను. తోట మీద ఏడాదికి కట్టే వడ్డీ కంటే ఎక్కువ. నాన్నకు చెప్పలేదు. ఆ బండిని 400కు వదిలించుకుని ఎనిమిది నెలలు బస్సుల్లో తిరిగాను.

ఆ తర్వాత కొన్నది హ్యుందాయ్ ఐ10, 2009 నాటి పెట్రోలు బండి, 2,600 పౌండ్లు. ఆ తరం ఐ10లు తయారై వచ్చింది మన శ్రీపెరుంబుదూరు నుంచే. చిత్తూరు నుంచి చెన్నై వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో ఆ ఫ్యాక్టరీని! ఇన్సూరెన్స్ సగానికి దిగింది. ఆరేళ్లు నడిపాను. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ తప్ప పెద్ద ఖర్చు పెట్టించలేదు. తోట అప్పు 2017లో తీరిందంటే అందులో ఆ చిన్న బండి మిగిల్చిన డబ్బు ఉంది.

కాబట్టి పెద్ద డీజిల్ మాట మరిచిపో. బర్మింగ్‌హామ్ నగరం మధ్యలో 2021 జూన్ నుంచి కాలుష్యం చేసే బండ్లకు రుసుము వేసే ప్రాంతం (క్లీన్ ఎయిర్ జోన్) ఉంది. పాత డీజిల్‌తో లోపలికి వెళితే రోజుకు 8 పౌండ్లు. 2006 తర్వాతి పెట్రోలు కార్లకు సాధారణంగా ఆ బాధ లేదు. బండి నెంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటే చెబుతుంది.

ఇక హ్యాచ్‌బ్యాక్‌లు. నీ దగ్గరున్న 5,000లో బండికి 3,500 దాటకు. మిగిలింది ఇన్సూరెన్స్‌కు, మొదటి సర్వీసుకు, టైర్లకు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట వినరు. చేతిలో ఉన్నదంతా బండికే పోసి తర్వాత క్రెడిట్ కార్డు గీస్తారు. నువ్వు విను.

ఐ10, కియా పికాంటో రెండూ ఒకే కుటుంబం. అక్కడ ఇలాంటి పాత కార్లను ఇన్సూరెన్స్ కోసం 1 నుంచి 50 వరకు గ్రూపులుగా విడదీశారు, ఇవి బాగా కింది గ్రూపుల్లో, అంటే ఇన్సూరెన్స్ తక్కువయ్యే వాటిలో, ఉంటాయి. ఒంటరిగా వచ్చినవాడైతే కళ్లు మూసుకుని వీటిలో ఒకటి తీసుకోమనేవాడిని. నీకు పాప ఉంది. వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు బిగిస్తే ముందు సీటును బాగా ముందుకు జరపాలి, మీ ఆవిడ మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి. పన్నెండేళ్లు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందొస్తే అంతవరకు ఏదో ఒక రకం పిల్లల సీటు తప్పనిసరి కాబట్టి వెనుక చోటు చాలా ఏళ్లు కావాలి.

ఫోర్డ్ ఫియెస్టా తయారీ 2023లో ఆగిపోయినా వీధికి రెండు కనిపిస్తాయి. సామాను ప్రతి గ్యారేజీలోనూ దొరుకుతుంది, మలుపుల్లో హాయిగా తిరుగుతుంది. అందులో 1.25 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజను చూడు. 1.0 లీటరు టర్బో అయితే దాని టైమింగ్ బెల్టు ఇంజను ఆయిల్‌లోనే తిరుగుతుంది. వేళకు సరైన ఆయిల్ మార్చినట్టు రశీదులన్నీ ఉంటేనే ముట్టుకో. ఫోక్స్‌వ్యాగన్ పోలో గట్టి బండి, తలుపు వేస్తేనే తెలుస్తుంది. కానీ అదే వయసు ఫియెస్టా కంటే ధర ఎక్కువ పలుకుతుంది, నడపడంలో ఆ తేడాకు తగినంత లాభం నాకు కనిపించలేదు. వాక్స్‌హాల్ కోర్సా గురించి చెప్పడానికి పెద్దగా లేదు, చవకగా దొరికితే చూడు. టయోటా యారిస్ హైబ్రిడ్ సిటీలో పెట్రోలు బాగా ఆదా చేస్తుంది, అయితే మంచిది నీ 3,500లో రాదు.

నా ఓటు హోండా జాజ్‌కు. చూడడానికి పెద్దవాళ్ల బండిలా ఉంటుందని కుర్రవాళ్లు కొనరు, అందుకే ధర, ఇన్సూరెన్స్ రెండూ నీకు అనుకూలం. దాని పెట్రోలు ట్యాంకు వెనుక కాకుండా ముందు సీట్ల కింద ఉంటుంది. అందువల్ల వెనుక సీటు అడుగుభాగాన్ని కుర్చీ మడిచినట్టు పైకి లేపేయవచ్చు. మా అమ్మ వచ్చినప్పుడు దోసెల పిండి కోసం పెద్ద గ్రైండరు కావాలంది. లెస్టర్ నుంచి దాన్ని జాజ్‌లోనే, పడుకోబెట్టకుండా, నిలువుగా, ఆ సీటు ఖాళీలో పెట్టి తెచ్చాను. డిక్కీలో 20 కిలోల సోనా మసూరి బస్తాలు రెండు, పైన పాప స్ట్రోలర్. ఐ10లో అయితే ఒకటి దించితే తప్ప ఇంకొకటి ఎక్కదు. స్టెప్నీ ఉందో లేదో మాత్రం ఏ బండిలోనైనా అడుగు. చిన్న కార్లలో చాలావాటిలో దాని బదులు పంక్చరు జిగురు సీసా పెట్టి వదిలేస్తారు.

మైలేజీ లెక్కలో కొత్తవాళ్లు పొరబడతారు. పెట్రోలు లీటర్లలో పోస్తారు, మైలేజీ గాలనుకు చెబుతారు. అక్కడి గాలను 4.546 లీటర్లు. గాలనుకు 45 మైళ్లంటే లీటరుకు దాదాపు 16 కిలోమీటర్లు. నీ రానూపోనూ 28 మైళ్లకు రోజుకు మూడు లీటర్ల లోపే.

ఇన్సూరెన్స్ తగ్గించే పెట్టె ఒకటి ఉంది. బండిలో బిగిస్తే నీ వేగం, బ్రేకు వేసే తీరు, ఏ వేళ నడుపుతున్నావో కంపెనీకి చెబుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో 28 నిమిషాలకు ముందే పైకి చేరినా, 40 నిమిషాలకు ముందే కిందికి దిగినా జరిమానా వేస్తారు కదా, అలాగే అనుకో. ఆ క్రమశిక్షణ తెలిసినవాడివి, భయపడకుండా పెట్టించుకో. అనుభవం ఉన్న స్నేహితుణ్ని అసలు డ్రైవరుగా చూపించి పాలసీ తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకు. అది మోసం కింద లెక్క, దొరికితే ఆ తర్వాత ఇన్సూరెన్స్ దొరకడమే కష్టం.

మన లైసెన్సు మీద 12 నెలలే నడపవచ్చు, నీకు మిగిలినవి ఎనిమిది. వివరాలు ప్రభుత్వ సైటులో ఉన్నాయి. ఆలోగా అక్కడి డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి, అది గేర్ల బండిలోనే ఇవ్వు. ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్‌లే నడపాలి.

నిన్న సాయంత్రం మీ ఇంటికి వెళ్లాను. మీ నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు డిపాజిట్ కాగితం తెచ్చి చూపించారు. గడువు ఇంకా రెండేళ్లుంది. మధ్యలో తీస్తే వడ్డీ తగ్గుతుంది. కదిలించవద్దని గట్టిగా చెప్పాను. "వాడికి అక్కడ ఇబ్బంది లేకుండా ఉంటే చాలు" అన్నారు. మా నాన్న కూడా తోట కాగితాలు చేతిలో పట్టుకుని ఇదే మాట అన్నారు. ఆ 3,000 తీసుకోకు.

నేను 20వ తేదీకి బర్మింగ్‌హామ్ చేరుకుంటాను. నచ్చిన జాజ్‌ల నెంబర్లు ఈలోగా పంపు. పాత కార్లకు ఏటా చేసే తప్పనిసరి తనిఖీల్లో ఏ లోపాలు తేలాయో, మీటరు ఎంత తిరిగిందో అన్నీ ప్రభుత్వ సైటులో ఉచితంగా కనిపిస్తాయి, నేను చూసి పెడతాను. ప్రతి నెంబరుకూ ఇన్సూరెన్స్ ఎంతో నువ్వు అడిగి పక్కన రాయి. ఆ శనివారం కలిసి వెళ్లి చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.