ఏటా ఒక్క తరగతి చాలు

(సీతాఫల్‌మండిలో బడి పెట్టి 31 ఏళ్ళు నడిపి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ పాఠకులకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారూ, వందనాలు. మాది బోడుప్పల్‌లో 60 కుటుంబాల చిన్న సంఘం. ఏ మిషన్‌కీ, డయాసిస్‌కీ చెందం. మా పిల్లలూ చుట్టుపక్కల పిల్లలూ అందరూ చదువుకునేలా, ఆడా మగా కలిపి ఒక ఇంగ్లిష్ మీడియం స్కూలు పెట్టాలని కమిటీలో అనుకున్నాం. చర్చి వెనక 300 గజాల స్థలం ఉంది, పాస్టర్ గారి పేరు మీద. వచ్చే జూన్‌లో నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా ఒకేసారి తెరుద్దామని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?
— సంఘ కార్యదర్శి, బోడుప్పల్

జవాబు: బాబూ, వద్దన్న వాళ్ళ మాట వినండి.

మన ఊళ్ళో క్రైస్తవ బడి అనగానే ఆబిడ్స్‌లో 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, గన్‌ఫౌండ్రీలో 1855లో మొదలైన ఆల్ సెయింట్స్, చాపెల్ రోడ్డులో 1895 నాటి స్టాన్లీ గుర్తొస్తాయి. వాటి వెనక పెద్ద చర్చిలు, మిషన్లు ఉన్నాయి. ఆల్ సెయింట్స్ మగపిల్లల కోసం, స్టాన్లీ ఆడపిల్లల కోసం పెట్టినవి. మీరు వెళ్ళే దారి వేరు. మీ వెనక ఎవరూ లేరు, ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ ఉంటారు. ఈ రెండు మాటలూ కమిటీలో ప్రతి ఒక్కరికీ అర్థమయ్యాకే బోర్డు రాయించండి.

మేము రెండు గదులూ ఒక వరండా ఉన్న పోర్షన్‌లో 23 మంది నర్సరీ పిల్లలతో మొదలుపెట్టాం. ఫీజు నెలకు 30 రూపాయలు. అందరూ కడితే 690. అద్దె 400, టీచరుకు 250, ఆయాకు 100. నేను జీతం తీసుకోకపోయినా నెలకు 60 తక్కువ. ఆ 60 రైల్వేలో పనిచేసే మా ఆయన జీతంలోంచి వచ్చేది. స్వతంత్రంగా నడిచే బడి అంటే ఇదే. నెలాఖరున ఆదుకునే వాళ్ళు ఇంకెవరూ ఉండరు.

పై క్లాసు పాసైతే ఆ పైది తెరవడం, అలా ఏటా ఒక్కటే పెంచాం. మూడో తరగతి దాకా వచ్చాక తల్లిదండ్రులు అడిగారని నాలుగు, ఐదు, ఆరు ఒకేసారి తెరిచాం. నేను చేసిన పెద్ద తప్పు అది. ట్రైనింగ్ అయిన టీచర్లు దొరక్క డిగ్రీ వాళ్ళను పెట్టుకున్నాను. దసరాకల్లా ఇద్దరు మానేశారు. ఆరో తరగతిలో 14 మంది. వాళ్ళకు ఆ ఏడాది లెక్కల టీచర్లు ముగ్గురు మారారు. మార్చిలో నేనే క్లాసు తీసుకుంటే తెలిసింది, భిన్నాలు కూడేటప్పుడు క.సా.గు. ఎందుకు తీస్తామో ఒక్కరికీ తెలియదు. హారాలు కూడేసి కింద రాస్తున్నారు. వేసవి సెలవుల్లో రోజూ పొద్దున్నే ఏడింటికి పిలిపించి మొదటి నుంచీ చెప్పాను. 11 మంది వచ్చారు. ముగ్గురు టీసీ తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

గదులు అప్పు చేసి కట్టొచ్చు. టీచరు తయారవడానికి మాత్రం మూడు నాలుగేళ్ళు పడుతుంది, జీతం ఒకటో తేదీన చేతిలో పడితేనే ఆమె అన్నేళ్ళు మీ దగ్గర ఉంటుంది. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలని 1994 జనవరి 1 నాటి జీవో 1 చెబుతోంది. మీ సంఘంలో టీచర్లుంటే 'ప్రభువు పని కదా' అని తక్కువిచ్చి చేయించుకోకండి. అలా అడిగితే వాళ్ళు మొహమాటానికి సరేనంటారు, ఏడాది తిరిగేసరికి వేరే బడిలో చేరిపోతారు.

ఇక ఆడా మగా కలిసి చదవడం. కమిటీలో అందరూ బెంచీలు ఎలా వేయాలో మాట్లాడతారు, నేనైతే బాత్రూముల గురించి ముందు అడుగుతాను. అద్దె ఇంట్లో మాకు ఒక్కటే ఉండేది. ఒక తల్లి వచ్చి, "మేడమ్, మా పాప నీళ్ళ సీసా పొద్దున ఎంత నింపిస్తే సాయంత్రం అంతే తెస్తోంది" అంది. ఆ మధ్యాహ్నం ఐదో తరగతి ఆడపిల్లల సీసాలన్నీ నేను లేపి చూశాను. తొమ్మిదింటిలో ఏడు నిండుగానే ఉన్నాయి. బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని పిల్లలు నీళ్ళే తాగడం లేదు! కంప్యూటర్ గదికని దాచిన డబ్బుతో ఆడపిల్లలకు విడిగా నాలుగు బాత్రూములు కట్టించాం, లోపల గడియ, బకెట్, మగ్గు, పాత పేపర్ల డబ్బాతో సహా. ఎనిమిదో తరగతికి రాగానే ఆడపిల్లల్ని గర్ల్స్ స్కూలుకు మార్చే అలవాటు మా వీధిలో ఆ తర్వాతే తగ్గింది.

స్థలం పాస్టర్ గారి పేరు మీద ఉందన్నారు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా, బడి ఒక మనిషి ఆస్తిలో ఉండకూడదు. రేపు ఆయన పిల్లలకీ సంఘానికీ మధ్య మాట వస్తే వీధిన పడేది విద్యార్థులు. కనీసం ఏడుగురితో 2001 నాటి సొసైటీల చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయించండి, స్థలాన్ని దాని పేరుకు రాయించండి, లేదా దీర్ఘకాలం లీజు రాయించుకోండి. చర్చి కానుకలకూ బడి ఫీజులకూ వేరు వేరు బ్యాంకు ఖాతాలు పెట్టండి. 300 గజాల్లో ఆటస్థలం రాదు కాబట్టి దాని సంగతి ఇప్పుడే ఆలోచించండి.

మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కును రాజ్యాంగం 30(1) ఇచ్చింది. విద్యాహక్కు చట్టంలోని 25 శాతం ఉచిత సీట్ల నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పును పెద్ద ధర్మాసనం మళ్ళీ చూడాలని 2025లో ఆ కోర్టులోనే ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు. కోర్టు ఏం తేల్చినా, మీ పక్క బస్తీలో ఫీజు కట్టలేని పిల్లలకు తరగతికి ఇన్ని సీట్లని మీరే పెట్టుకోండి. క్రైస్తవ బడి అని బోర్డు మీద రాసుకున్నాక అది మీ బాధ్యత.

రికగ్నిషన్ కాగితాలు ఒక అడుగు ముందే ఉండాలి. మా మొదటి టెన్త్ బ్యాచ్‌కు అనుమతి వేళకు రాక, పిల్లలు ఇంకో బడి పేరు మీద పరీక్ష రాశారు. ఏళ్ళ తరబడి మా దగ్గర చదివిన పిల్ల మెమో మీద వేరే బడి పేరు చూసుకుని ఆఫీసులో నిలబడి ఏడ్చింది.

ప్రశ్న: నమస్తే అమ్మా. మేం హిందువులం. ఇంటికి దగ్గరని పాపను క్రైస్తవ స్కూల్లో రెండో తరగతిలో చేర్పించాం. రోజూ అసెంబ్లీలో ప్రార్థన చేయిస్తారట. మా అత్తయ్యకు ఇష్టం లేదు. చేయకపోతే పాపను ఏమైనా అంటారేమోనని నాకు భయం.
— ఒక తల్లి, నల్లకుంట

జవాబు: భయపడకమ్మా. గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా సరే, చిన్నపిల్లల్ని మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) చెబుతోంది. ఒక తెల్లకాగితం మీద మీ ఇష్టాన్ని రాసి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇచ్చి రండి. మా బడిలో పరలోక ప్రార్థన చెప్పుకునేవాళ్ళం, ఇష్టం లేని పిల్లలు ఊరికే నిలబడేవాళ్ళు, చేతులు కట్టుకోమని కూడా అడిగేదాన్ని కాదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లల్ని ఆటల పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోబెట్టేదాన్ని. మీ అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్ళు. అసెంబ్లీ జరుగుతుండగా గేటు దగ్గర నిలబడి ఆమెనే చూడనివ్వు.