నవ్వినవాడి వైపు నుంచి కూడా రాయి

తమ్ముడూ,

ఇద్దరు మగ స్నేహితుల ప్రేమ మీద నువ్వు రాసిన కథ నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే మరోసారి చదివాను. ముందు నచ్చిన చోటు చెబుతాను. ఎనిమిదేళ్ళ తర్వాత స్నేహితులిద్దరూ ఎదురుపడ్డప్పుడు ఒకడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. ముందు ఎడమ అద్దమే తుడుస్తాడని రెండోవాడికి తెలుసు. తుడిచేదాకా చూస్తూ నిలబడతాడు. రెండు వాక్యాలే, కానీ అక్కడ నా గొంతు పట్టేసింది. నిన్ను మర్చిపోలేదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి పక్కనే ఉండి చూసినవాడికి తప్ప ఆ సంగతి తెలియదు. కొత్తగా కలిసినవాళ్ళ ప్రేమకథకి ఈ సదుపాయం ఉండదు. నీ కథకి ఉంది, దాన్ని ఇంకా వాడుకో.

ఇక అపార్థం సంగతి. తప్పిపోయిన ఉత్తరమో, తలుపు చాటున సగం విన్న మాటో పెట్టనందుకు సంతోషించాను. అలాంటివి ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోతాయి. నువ్వు పెట్టింది ఒక నవ్వు. పదిమంది కూర్చున్న చోట ఎవడో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద జోక్ వేశాడు, అందరితో పాటు ఈ స్నేహితుల్లో ఒకడూ నవ్వాడు, పక్కనున్న ప్రాణస్నేహితుడు ఆ నవ్వు విని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. చాలా బాగుంది. ఎందుకంటే వాడు నిజంగానే నవ్వాడు, "నువ్వు తప్పుగా విన్నావు" అని తప్పించుకునే వీల్లేదు.

అయితే కథంతా విన్నవాడి వైపే నిలబడ్డావు. నవ్వినవాడు ఎందుకు నవ్వాడో నీకు తెలుసా? నాకు అనిపించింది చెబుతాను. అందరూ నవ్వుతుంటే తనొక్కడే నవ్వకుండా కూర్చుంటే చూపులన్నీ తన మీద పడతాయని. రెండోవాడు ఎందుకు లేచిపోయాడు? ఇంకాసేపు కూర్చుంటే మొహంలో బయటపడిపోతానని. ఇద్దరిదీ ఒకే భయం. ఒకడు నవ్వి దాచుకున్నాడు, ఒకడు పారిపోయి దాచుకున్నాడు. ఇది చూపించకపోతే నవ్వినవాడు దుర్మార్గుడిగా మిగులుతాడు, దుర్మార్గుడితో రాజీ పడ్డ ప్రేమ పాఠకుడికి మింగుడుపడదు. విన్నవాడి తప్పు కూడా రాయి. ఒక్క మాట అడగకుండా ఎనిమిదేళ్ళ శిక్ష వేశాడు కదా. తనకే దెబ్బ తగిలిందనుకుంటూ, తను కొట్టిన దెబ్బ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రాత్రి ఏ సంవత్సరమో కూడా కథలో లేదు. తేల్చుకో. మనుషులు ఎందుకు నోరు మూసుకున్నారో చాలావరకు ఆ అంకె చెబుతుంది. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 1967 వరకు ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి, నాలుగు గోడల మధ్య దగ్గరైనా నేరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 వరకు దీన్ని జబ్బుల జాబితాలో ఉంచింది. మన దగ్గర 2009లో ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది, 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు నేరం కాదని తేల్చింది. 2013 నవంబర్‌లో మనసు విప్పి చెప్పేద్దామనుకున్నవాడు జనవరికల్లా నోరు కుట్టేసుకుంటే వాణ్ణి పిరికివాడని ఎలా అంటాం? నీ నవ్వు ఆ ఏడాది చివర్లో జరిగిందనుకో, ఎనిమిదేళ్ళు కలిపితే 2021. మధ్యలో చట్టం మారిపోయింది, వీళ్ళిద్దరూ మాత్రం మాట్లాడుకోలేదు. నాకైతే అదే పెద్ద కథ. అలాగని పాత్రల చేత తీర్పులు చదివించకు. నీకు తెలిస్తే చాలు, వాళ్ళ తడబాటులోకి అదే దిగుతుంది.

వానలో నిలబడి పేజీన్నర మాట్లాడుకుని కౌగిలించుకునే సీను తీసెయ్. తీసెయ్యడానికి బాధగానే ఉంటుంది, కష్టపడి రాశావని తెలుస్తోంది. కానీ అపార్థం తొలగినంత మాత్రాన నొప్పి పోదు. "నేను భయపడి నవ్వాను రా" అన్న మాట వినగానే ఎనిమిదేళ్ళూ కరిగిపోవు. పైగా కోపం అప్పుడే మొదలవ్వచ్చు: ఈ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అని. ఆ కోపానికి చోటివ్వు. రెండు రోజులు మాట్లాడుకోకుండా ఉండనివ్వు. ఆ తర్వాత వాళ్ళని మళ్ళీ అలాంటి పదిమంది మధ్యలోనే కూర్చోబెట్టు. మళ్ళీ ఎవడో అదే రకం జోక్ వేస్తాడు. అప్పుడు నవ్వినవాడు ఈసారి నవ్వడు. పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వడు, ఊరికే నవ్వకుండా ఉంటాడు. పక్కవాడు అది గమనిస్తాడు. ఐ లవ్ యూ కంటే ఆ నిశ్శబ్దమే నాకు గట్టిగా వినబడుతుంది.

భాష గురించి కొంచెం. ఇద్దరూ మగవాళ్ళయ్యేసరికి "అతను అతని చెయ్యి పట్టుకున్నాడు" లాంటి వాక్యాలు వచ్చాయి. ఎవరి చెయ్యో మూడుసార్లు చదివితే గానీ తెలియలేదు. ఎవరి మనసులోంచి కథ చెబుతున్నావో వాడికి "తను" ఇవ్వు, ఎదుటివాడికి "వాడు" ఇవ్వు. సగం చిక్కు విడిపోతుంది. ఇంకోటి, వీళ్ళు చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నవాళ్ళు. ఎనిమిదేళ్ళ తర్వాత ఎదురుపడి ఒకడు "బాగున్నారా" అంటే? తిట్టినా అంత తగలదు. ప్రేమ బయటపడ్డాక కూడా సినిమా డైలాగులు వద్దు. ఆ పాత "ఒరేయ్" నే తిరిగి రానివ్వు, కాస్త మెల్లగా. "స్వలింగ సంపర్కుడు" అనే మాట వార్తల్లో ఎక్కువ కనిపిస్తుంది, కానీ ఏ మనిషీ తన గురించి మనసులో అలా అనుకోడు. గే అంటాడు, లేదా ఏ పేరూ పెట్టుకోకుండా "నేను ఇలా" అనుకుంటాడు.

సుఖాంతం చేస్తే తేలిగ్గా తీసిపారేస్తారేమోనని అడిగావు. ఇంగ్లిష్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద 'మారిస్' నవల 1913, 14ల్లో రాశాడు. ముగింపు సుఖంగానే ఉండాలని పట్టుబట్టాడు. బతికుండగా అచ్చు వేయలేకపోయాడు, ఆయన పోయిన మరుసటి ఏడు, 1971లో, అది బయటికొచ్చింది. నా సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి కథే రాసి, చివర్లో ఒకణ్ణి చంపేశాను, బరువుగా ఉంటుందని. ఒక కుర్రవాడు వెతుక్కుంటూ వచ్చి, వాళ్ళెందుకు బతకలేదని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మొహం ఇప్పటికీ కళ్ళ ముందుంది. నువ్వు వాళ్ళని బతికించు, కలిపే ఉంచు.

కళ్ళజోడు సీను మాత్రం ముట్టుకోకు. మిగతాది తిరగరాసే ముందు ఒక్కటి ఆలోచించు: ఆ రాత్రి స్నేహితుడు లేచి వెళ్ళిపోయాక, నవ్వినవాడు ఇంటికెళ్ళి ఏం చేశాడు? ఫోన్ చేతిలోకి తీసుకున్నాడా? అది తెలిశాక కొత్త ప్రతి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ
అన్నయ్య