రైఫిల్ తూటాల కోసం బంగారం తాకట్టు పెట్టకండి

గుంటూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 46, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. నాన్నగారి నుంచి వచ్చిన పాయింట్ 315 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రైఫిల్ ఉంది, లైసెన్స్ ఇప్పుడు ఆయన పేరు మీదే. నెలకోసారి ఊరు దాటి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి 15 తూటాలు కాలుస్తారు. ఎప్పటికైనా 300 మీటర్ల పోటీలో నిలబడాలని కోరిక. తూటా 150 రూపాయలు పడుతోంది, రానూపోనూ, బస, భోజనం, రేంజ్ ఫీజు కలిపి ట్రిప్పుకి 3,500 అవుతోంది. పోయినేడాది చేతిలో డబ్బు ఆడక ఇంట్లో బంగారం మీద 11 శాతం వడ్డీకి 80,000 తెచ్చారు. ఆయన అడిగినవి మూడు: తూటాల ఖర్చు ఎలా తగ్గించాలి? కాల్చాక మిగిలే ఖాళీ కేసుల్లో (తూటా ఇత్తడి గొట్టాల్లో) ఇంట్లోనే తుపాకి మందు నింపుకుంటే డబ్బు మిగులుతుందా? భార్య కడుతున్న 5 లక్షల చీటీ పాడుకుని పాయింట్ 22 రైఫిల్ కొనుక్కోవచ్చా?

అన్నగారూ, రెండోదానికి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది డబ్బు ప్రశ్న కాదు. మందు నింపే పని మనసులోంచి తీసేయండి. మీరు చూసిన వీడియోలు వేరే దేశాలవి, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, కేసు ఇత్తడిది కాబట్టి మళ్లీ మళ్లీ వాడుకుంటారు, వాళ్లకి ఖర్చు బాగా తగ్గేది అక్కడే. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్స్ కావాలి, మీ జేబులో ఉన్న లైసెన్స్ దానికి పనికిరాదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు. తూటాకి యాభయ్యో అరవయ్యో మిగులుతుందని రైఫిల్, లైసెన్స్, కొట్టు, ఆడపిల్ల చదువు అన్నీ పణంగా పెట్టే పని మీరు చేయకూడదు. మందు కొలతలో పొరపాటు జరిగితే చేతికీ కంటికీ ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు లెక్క. మీరు పంపిన ఫొటోలో చిన్న డైరీ ఉంది కదా, ఒక పేజీలో తేదీ, పక్కన తూటాల బిల్లు, కింద ఎర్ర పెన్నుతో మొత్తం. అందులో తూటాలకి కట్టిన ప్రతి రూపాయీ ఉంది, ప్రయాణం ఒక్కసారి కూడా రాయలేదు. అది కూడా కలిపి చూద్దాం. ట్రిప్పుకి తూటాలు 2,250, మిగతావి 3,500, వెరసి 5,750. పదిహేను షాట్లకి పంచితే షాట్‌కి సుమారు 383. ఏడాదికి పన్నెండు ట్రిప్పులంటే 69,000, అందులో తూటాల వాటా 27,000 మాత్రమే. మీకు భారమవుతున్నది తూటా అనుకుంటున్నారు గానీ, దాన్ని రేంజ్ దాకా మోసుకెళ్లే ఖర్చు దానికంటే ఎక్కువ.

అవే 180 తూటాలు ఆరు ట్రిప్పుల్లో, ట్రిప్పుకి ముప్పై చొప్పున కాలిస్తే మొత్తం 48,000. ఒక్క తూటా తగ్గకుండా 21,000 మిగిలింది. అయితే పాయింట్ 315 గుండు దాదాపు 16 గ్రాములుంటుంది, పాయింట్ 22 గుండు రెండున్నర గ్రాముల పైచిలుకు, అంటే తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి భుజాన్ని కొట్టే దెబ్బ) గట్టిగా తెలుస్తుంది. ఒక రోజులో ముప్పై అంటే భుజం ఒప్పుకోవాలి. ఐదేసి షాట్లు కాల్చి, రైఫిల్ చల్లబడేదాకా కూర్చుని, డైరీ రాసుకుని, మళ్లీ ఐదు. తన్నుకి భయపడి ట్రిగ్గర్ దగ్గర వేలు బిగుసుకోవడం మొదలైతే అక్కడితో ఆపేయండి, ఆ తర్వాత కాల్చే ప్రతి తూటాతో 150 రూపాయలు పెట్టి చెడ్డ అలవాటు కొనుక్కుంటున్నట్టే.

నా దగ్గరికి వచ్చే ఒకాయనతో పోయిన చలికాలం రేంజ్‌కి వెళ్లాను, ఖర్చు కళ్లారా చూద్దామని. ఆయన మొదటి పావుగంట ఒక్క తూటా కూడా పెట్టలేదు. ఖాళీ రైఫిల్ భుజానికి ఆనించి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ నొక్కి, 'టక్' అన్నాక కూడా గురి మీంచి చూపు తిప్పకుండా అలాగే ఉండి, మళ్లీ బోల్టు లాగి, మళ్లీ మొదటి నుంచి. తర్వాత కాల్చింది పది తూటాలే. కింద సిమెంటు మీద పడ్డ ఇత్తడి కేసులు ఇంకా వేడిగా ఉన్నాయి, ఒక్కోటీ ఏరి, లెక్కపెట్టి, పెట్టెలో సర్దుకుని, ఏ తూటా ఎటు పోయిందో బొమ్మ గీసుకున్నాడు. నేను ఎన్నో ఇళ్ల జమాఖర్చులు చూస్తాను, డబ్బుని అంత మర్యాదగా ఖర్చు పెట్టినవాణ్ణి అరుదుగా చూశాను.

ఆ ఖాళీ ప్రాక్టీసుకి పైసా ఖర్చు లేదు. మీరూ రోజూ ఇరవై నిమిషాలు చేయండి, గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, చాంబర్ (తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకోవాలి, డమ్మీ తూటా పెట్టుకుంటే తూటాని కొట్టే పిన్నుకీ మంచిది. రేపు పాయింట్ 22 వచ్చినా దాన్ని మాత్రం ఖాళీగా అలా కొట్టకండి, దాని పిన్ను చాంబర్ అంచుకి తగిలి దెబ్బతినొచ్చు.

దానికి తోడు ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, 20 జౌళ్ల శక్తి మించకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. పెల్లెట్లు డబ్బాకి 500 చొప్పున దొరుకుతాయి, ఒక్కోటి రూపాయల్లోనే పడుతుంది. పెద్ద రైఫిల్ పట్టినవాళ్లకి ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది, కానీ టార్గెట్ చూడండి: 300 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. దూరంతో పోల్చుకున్నా ఎయిర్ రైఫిల్ చుక్కే చిన్నది. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ అన్నీ దీంతో నేర్చుకోవచ్చు, తన్ను ఓర్చుకోవడం, గాలి చూసుకోవడం మాత్రమే పెద్ద రైఫిల్‌కి మిగులుతాయి. మేడ మీద వెనక గట్టి గోడ, పెల్లెట్ పట్టే పెట్టె ఉండేలా, మనుషులు నడిచే వైపు కాకుండా పెట్టుకోండి. ఇది కుదిరితే పెద్ద రైఫిల్ ట్రిప్పులు ఏడాదికి నాలుగు చాలు. నాలుగు ముప్పైలు 120 తూటాలు, 18,000. నాలుగు ప్రయాణాలు 14,000. మొత్తం 32,000, మీ ఇప్పటి ఖర్చులో సగం కూడా కాదు.

తూటా రేటు విషయంలో బేరానికి పెద్దగా చోటు లేదు. బ్రిటిష్‌వాళ్లు సైన్యం వాడే బోర్లు జనానికి ఇవ్వకపోవడం వల్ల పాయింట్ 315 మన దగ్గర పాతుకుపోయింది, ఇప్పటికీ పాయింట్ 303, 7.62 లాంటివి నిషిద్ధ బోర్లే. దీని తూటాలు ప్రధానంగా ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) సరుకు, 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీలు మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉన్నాయి. మీరు చేయగలిగిందల్లా ఒకేసారి, ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) కొనడం. లాట్ మారినప్పుడల్లా సైటు (గురి చూసే అమరిక) సరిచూసుకోవడానికే ఐదారు తూటాలు పోతాయి, అంటే దగ్గర దగ్గర వెయ్యి. ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో మీ లైసెన్స్ పుస్తకంలోనే రాసి ఉంటుంది, అది చూసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. మన ఎండల్లో కారు డిక్కీలో మాత్రం వదలకండి, ఇంట్లో పొడిగా, చల్లగా, తాళం ఉన్న ఇనప పెట్టెలో ఉండాలి.

ఇప్పుడు బంగారం. 80,000 మీద 11 శాతం అంటే ఏడాదికి 8,800. మీ రేటు ప్రకారం అది 58 తూటాల డబ్బు, ముప్పై చొప్పున చూస్తే దాదాపు రెండు ట్రిప్పుల తూటాలు కాల్చకుండానే పోతున్నాయి. అది తీరేదాకా ఈ సరదాకి కొత్త వస్తువేదీ కొనొద్దు, పాయింట్ 22తో సహా; ఎయిర్ రైఫిల్ కూడా ఆ తర్వాతే. మీ ఆదాయం జీతంలా నెలనెలా రాదు, మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చేతినిండా ఉంటుంది, వేసవిలో యార్డుకి సెలవులిస్తే ఆగిపోతుంది. అప్పుడే మీరు తాకట్టుకి వెళ్లారు, జూన్‌లో, మీ రసీదు తేదీ అదే చెబుతోంది. కాబట్టి సీజన్‌లో వచ్చిన కమీషన్‌లోంచి ముందు తాకట్టు విడిపించండి, ఆ తర్వాత 32,000 వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ఏడాదంతా రైఫిల్ ఖర్చు ఆ ఖాతా కార్డుతోనే చేయండి. అది అయిపోతే ఆ ఏడాదికి ఎయిర్ రైఫిలే. ఎన్నికలొచ్చి కోడ్ సమయంలో ఆయుధం స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే ఆ నెలల డబ్బు మిగులుతుంది, దాన్ని మరుసటి ఏడాదికి అలాగే ఉంచండి.

చీటీ సంగతి. పాయింట్ 22 కొనడానికి చట్టం అడ్డు కాదు, 2019 తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండు ఆయుధాల దాకా వీలుంది, మీకు ఒక్కటే ఉంది. అడ్డు మీ ఉత్తరంలోనే ఉంది: పాప ఇంటర్ రెండో సంవత్సరం అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ 5 లక్షలు ఆమె ఇంజనీరింగ్ ఫీజు కోసమే ఆవిడ కడుతున్నారని నాకనిపిస్తోంది, ఒకసారి అడగండి. ఇప్పుడే పాడుకుంటే పాటలో పోయేది పోతుంది, మిగిలిన వాయిదాలు కడుతూనే ఉండాలి, వచ్చే ఏడు ఫీజు గడువు వచ్చేసరికి మళ్లీ బంగారం వైపు చూడాలి. చీటీ జోలికి వెళ్లకండి. పాయింట్ 22 కాల్చాలని ఉంటే సభ్యులకి క్లబ్బు రైఫిల్ ఇచ్చే క్లబ్బులుంటాయి, మీరు వెళ్లే రేంజ్‌లో అడగండి.

ఇంకొకటి, టర్మ్ పాలసీ తీసుకుంటానన్నారు. ఫారంలో అలవాట్లు, ఆటలు అడిగినచోట షూటింగ్ అని ఉన్నదున్నట్టు రాయండి, దాచిపెడితే రేపు ఇంట్లోవాళ్లకి క్లెయిమ్ దగ్గర తలనొప్పి.

డైరీలో ఈ నెల నుంచే రెండో గడి గీయండి, ప్రయాణం, భోజనం, రేంజ్ ఫీజు అందులో. తాకట్టు విడిపించాక ఆ పేజీలు నాకు పంపండి, పాయింట్ 22కి డబ్బు ఎప్పటికి కూడుతుందో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం.